పరదేశంలో పరిచర్య

వృద్ధులు చెప్పిన మాటే మరల మరల చెప్పినప్పుడు మన ఇళ్ళలో తెలుగు మాట్లాడువారు ‘చాదస్త’మనీ, ఉర్దూ మాట్లాడువారు ‘సఠియా గయే’ అనీ నవ్వి ఊరకుండుట పరిపాటి. కాని ఆ మరపు వెనుక ఒక్కొక్కప్పుడు డిమెన్షియా దాగియుండును. ఇది ముసలితనపు సహజలక్షణము కాదు. మెదడును క్రమంగా క్షీణింపజేయు రుగ్మత. దీనికి ముఖ్యకారణమైన వ్యాధిని 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్ తొలిసారి వివరించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. పూర్తిగా నయంచేయు మందు నేటికీ లేదు. కనుక మందుకన్న మనిషి తోడే ప్రధానం.

ఆ తోడు తరచుగా భార్యకు భర్త, భర్తకు భార్య. రేయింబవళ్ళు కనిపెట్టి ఉండవలసిన ఈ సేవలో సేవచేయువారి ఆరోగ్యమే చెడిపోవుట కద్దు. పశ్చిమదేశాలలో సంరక్షణాలయాల ఖర్చు అధికం. అందుచేత కొందరు స్వదేశం విడిచి, వ్యాధిగ్రస్తులైన తమవారితో దూరదేశాలలో స్థిరపడుతున్నారు.

ఉత్తర థాయిలాండులోని చియాంగ్ మాయి ఇందుకు పేరొందింది. స్విట్జర్లాండు దేశీయుడైన మార్టిన్ వుడ్ట్లీ ఆల్జైమర్ వ్యాధి సోకిన తల్లిని అక్కడికి తీసుకొనిపోయి, 2003లో ‘బాన్ కమ్లాంగ్‌చాయ్’ అనే నివాసం నెలకొల్పాడు. బాన్ అనగా ఇల్లు, కమ్లాంగ్‌చాయ్ అనగా మనోబలం. అది పెద్ద ఆసుపత్రి కాదు. రోగులు ఊరిలోని మామూలు ఇళ్ళలో ఉంటారు. ఒక్కొక్కరికి ముగ్గురు సేవకులు వంతులవారీగా తోడుంటారు.

భాష తెలియని చోట ఈ సేవ ఎట్లు సాగును? వ్యాధి ముదిరినకొద్దీ రోగికి మాటలే దూరమవుతాయి. చేతిస్పర్శ, చిరునవ్వు, పాట మిగులుతాయి. అయితే కొత్త పరిసరాలు రోగిని కలవరపెట్టవచ్చును. నేర్చిన పరభాష ముందుగా జారిపోయి, మాతృభాషయే ఎక్కువకాలం నిలుచుట కూడా కద్దు. కనుక తనభాష పలికే జీవిత భాగస్వామి దగ్గర ఉండుట రోగికి పెద్ద ఊరట.

చట్టపు చిక్కులు వేరు. థాయిలాండులో విశ్రాంత జీవితం గడపగోరు విదేశీయునికి 50 ఏండ్లు నిండాలి. బ్యాంకులో 8 లక్షల బాట్లు గాని, నెలకు 65,000 బాట్ల ఆదాయం గాని చూపాలి. అనుమతి ఏటేటా పొడిగించుకోవాలి. జర్మనీలో 1995లో ఆరంభమైన సంరక్షణ బీమా ఐరోపా వెలుపల స్థిరపడినవారికి అందదు. ఆస్తి, వైద్య విషయాలలో ప్రతినిధిని నియమించు పత్రాలను రోగికి వివేచన ఉన్నప్పుడే వ్రాయించుకోవాలి.

అన్నిటికన్న బరువైన ప్రశ్నలు రెండు. తన ఊరు విడుచుటకు రోగి సమ్మతించాడా? ఆ సమ్మతి తెలివి ఉన్న రోజులలోనే అడగవలసినది. పరాయి తల్లికి సేవచేయు స్త్రీ తన బిడ్డలకు దూరమైతే వారినెవరు చూస్తారు? క్రిస్టోఫ్ బిల్సెన్ 2019లో తీసిన ‘మదర్’ అనే చిత్రం ఈ రెండవ ప్రశ్ననే మన ముందుంచుతుంది.

విద్యార్థులారా! మన ఇంటి పెద్దలు దారి మరచినా, పేరు మరచినా వేళాకోళం చేయక వైద్యునికి చూపించండి. రాత్రింబవళ్ళు వారిని కనిపెట్టియున్న అమ్మనో నాయనమ్మనో ఒక పూటైనా విశ్రమించనివ్వండి. పరదేశం పోనక్కరలేని పరిచర్య ఇదే అని మా నమ్మకం.