విపత్తు వేళకు బడిని సిద్ధం చేయడంలో విద్యార్థుల పాత్ర

బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా పుట్టేది నైరుతి రుతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలల్లోనూ, అవి వెనుదిరిగే అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ కనుక, ఆంధ్ర తీరంలో తుపానుల కాలమూ చదువుల కాలమూ చాలావరకు కలిసే వస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన, అనగా తుపాను గాలి తీరం మీదికి తోసుకొచ్చిన సముద్రపు నీరు, వేలాది ప్రాణాలను బలిగొనగా, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను అతలాకుతలం చేశాయి. అటువంటి వేళ పల్లెల్లో పునరావాస కేంద్రంగా మారేది తరచుగా బడి భవనమే కాబట్టి, దాని భద్రత ఊరందరి అవసరం.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, 2016లో పాఠశాల భద్రతపై మార్గదర్శకాలు వెలువరించి, ప్రతి బడికీ ఒక ప్రణాళిక ఉండాలనీ, మాక్ డ్రిల్ అనే ముందస్తు సాధన తరచుగా జరగాలనీ సూచించింది. ఈ పనిలో విద్యార్థులు మొదట చేయదగినది ప్రమాదాల పటం గీయడం. వంటగదిపై వదులైన రేకులు, గదుల మీదికి వాలిన చెట్టుకొమ్మ, నెర్రెలు విచ్చిన ప్రహరీ, కొక్కెం ఊడిన కిటికీ రెక్క, వాన పడితే నీరు నిలిచే చోటు, తడిసే గోడ మీది కరెంటు మీటరు వంటివి రోజూ అక్కడే తిరిగే పిల్లల కంట పడినంతగా ఏడాదికోసారి వచ్చే తనిఖీదారు కంట పడవు. వాటిని కాగితంపై గుర్తించి ప్రధానోపాధ్యాయునికి అందించడం పిల్లల వంతు, మరమ్మతు చేయించడం పెద్దల వంతు.

రెండవది హెచ్చరికలను చదవడం. భారత వాతావరణ శాఖ ఇచ్చే రంగుల సూచనల్లో పసుపు గమనిస్తూ ఉండమనీ, నారింజ సిద్ధంగా ఉండమనీ, ఎరుపు వెంటనే జాగ్రత్త చర్యలు చేపట్టమనీ చెబుతాయి. ఆ రోజు రంగును నోటీసు బోర్డుపై రాసే బాధ్యత వంతులవారీగా తరగతులకు అప్పగిస్తే, ఆ సమాచారం సాయంత్రానికి ఇళ్లకూ చేరుతుంది.

పిడుగుల విషయంలో సామాన్యశాస్త్రం పాఠమే రక్షణ అవుతుంది. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది కనుక, మెరుపు కనిపించిన 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్లు లెక్క. అప్పుడు ఆట ఆపి, చెట్టు కిందికి కాక పక్కా గదిలోకి వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట వరకు బయటికి రాకూడదు.

అయితే ఈ భాగస్వామ్యానికి హద్దు ఉండాలి. చిన్న తరగతుల పిల్లలకూ, నడవలేని తోటివారికీ తోడుగా ఉండటం, గదిలోకి చేరాక హాజరు సరిచూడటం పెద్ద తరగతుల విద్యార్థులకు అప్పగించవచ్చు గాని, వరదనీటిలో దిగడం, తెగిన తీగల దగ్గరికి వెళ్లడం, కప్పు ఎక్కడం ఎట్టి పరిస్థితిలోనూ వారి పని కాదు. జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే పటం, అక్టోబరు రాకముందే కనీసం ఒక మాక్ డ్రిల్ పూర్తయ్యేలా ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ చూడాలి.