కనబడని గండి

గిద్దలూరునుంచి నంద్యాలకు పోయే దారి దిగువమెట్ట దాటిన తరువాత నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ. నడుమ మలుపులు తిరిగే రోడ్డు. బరువుతో ఎగువకు ఎక్కే పాత లారీ క్రింది గేరులో మూలుగుతూ సాగుతుంది. ఆ మూలుగుకు అలవాటుపడిన డ్రైవరు చెవికి ఒక్కొక్కప్పుడు అందులో చిన్న తడబాటు వినిపిస్తుంది. ఎంత తొక్కినా బండి లాగదు. రెండు మూడు మార్లు దగ్గినట్లు దగ్గి ఇంజను ఆగిపోతుంది. ట్యాంకులో డీజిలున్నది. బ్యాటరీలో సత్తువ ఉన్నది. బండి క్రింద ఎక్కడా ఒక చుక్క చమురు కారిన జాడ లేదు. క్లీనరు దిగి చక్రాల వెనుక రాళ్లు పెడతాడు. డ్రైవరు నిట్టూర్చి ఒకే మాట అంటాడు: "గాలి పట్టింది."

పల్లెలో మనిషికి గాలి సోకిందంటే మంత్రగానికోసం కబురు పోతుంది. లారీకి గాలి పట్టిందంటే మేస్త్రీకోసం కబురు పోతుంది. మొదటి గాలి సంగతి ఎట్లున్నా, ఈ రెండవ గాలి మాత్రం నిజమైనది. దానికి కారణమున్నది, ప్రవేశించే ద్వారమున్నది, వెదకి పట్టుకునే పద్ధతి కూడ ఉన్నది. ఆ పద్ధతిలో మన బడిపిల్లలు సామాన్యశాస్త్రంలో చదివే పాఠాలు రెండు మూడు ఇమిడి ఉన్నవి.

మార్కాపురం పేరు వినగానే తెలుగునాట చదువుకున్న పెద్దలకు గుర్తుకు వచ్చేది పలక. ఎన్నో తరాల పిల్లలు ఓనమాలు దిద్దిన రాతిపలకలు ఈ ప్రాంతపు గనులనుంచే వచ్చినవి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిపొరలను కంభం పేరుతోనే వ్యవహరిస్తారు. 1970లో నేటి ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లానుంచి వచ్చి దానిలో చేరినవి. వానమీద ఆధారపడిన సేద్యం ఇక్కడ ఏటేటా నమ్మదగినది కాదు. అందుచేత రాయి, కట్టె, ధాన్యం మోసే బండ్లు అనేక కుటుంబాలకు అన్నం పెడుతూ వచ్చినవి. క్రొత్త లారీ కొనే శక్తి అందరికీ ఉండదు. ఇరువది ఏండ్లు దాటిన బండిని బాగుచేయించుకుంటూ నడుపుకునే చిన్న యజమానికి, అది ఘాటులో ఒక పగలు ఆగిపోతే ఆ పగటి కిరాయి పోయినట్లే.

ఈ బండ్లకు ప్రాణమైన యంత్రాన్ని కనిపెట్టినవాడు రుడాల్ఫ్ డీజిల్. 1858లో పారిస్ నగరంలో పుట్టిన ఈ జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గులో తన యంత్రాన్ని సఫలంగా నడిపి చూపాడు. పెట్రోలు ఇంజనులో వలె ఇందులో నిప్పురవ్వ లేదు. గాలిని గట్టిగా అదిమితే అది వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కడం పిల్లలు ఎరిగినదే. డీజిలు ఇంజను తనలోనికి పీల్చిన గాలిని సుమారు పదునారవ వంతుకు కుదిస్తుంది. ఆ వేడిలో సన్నని తుంపరగా చల్లిన చమురు తనంతట తానే అంటుకుంటుంది. చల్లవలసిన క్షణంలో చల్లవలసినంత చమురును చల్లడమే కష్టమైన పని. ఆ పనికి తగిన పంపును జర్మనీలో బాష్ కంపెనీ 1927లో పెద్దయెత్తున తయారుచేయ నారంభించింది. మన దేశంలో 1951లో బెంగుళూరున నెలకొన్న మైకో సంస్థ అట్టి పంపులను, నాజిళ్లను తయారుచేసింది. 1954లో జంషెడ్‌పూరునుంచి టాటా మెర్సిడెస్ లారీలు వెలువడసాగినవి. మద్రాసు చేరువను అశోక్ లేలాండు లారీలు తయారైనవి. నేడు ఘాటులో మూలుగుతూ ఎక్కే పాత బండ్లు ఆ వంశానికి చెందినవే.

ట్యాంకునుంచి ఇంజనువరకు చమురు చేసే ప్రయాణం తెలిస్తే గాలి కథ సులభంగా బోధపడుతుంది. ట్యాంకు క్రింద ఉంటుంది. అందులోనికి పైనుంచి అడుగుదాకా ఒక గొట్టం దిగి ఉంటుంది. ఇంజను ప్రక్కనున్న ఫీడ్ పంపు ఆ గొట్టంద్వారా చమురును పీల్చి, ఫిల్టర్లలోనికి నెడుతుంది. వడియగట్టిన చమురు పెద్దపంపులోనికి చేరుతుంది. అక్కడ ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క చిన్న ముషలకం ఉంటుంది. అది చమురును అదిమి ఇనుపగొట్టాలద్వారా నాజిలుకు పంపుతుంది. పాత లారీలలో చదరపు సెంటీమీటరుకు సుమారు రెండువందల కిలోల ఒత్తిడి చేరినప్పుడు నాజిలు తెరచుకుంటుంది.

ఇక్కడ గాలి చేసే అపకారమేమిటి? ఉపాధ్యాయుడు తరగతిలోనే దీనిని చూపవచ్చును. సూదిలేని ఒక సిరంజిలో నీరు నింపి, మూతిని వ్రేలితో గట్టిగా మూసి, వెనుకనుంచి నొక్కమనండి. పిల్లవాడెంత నొక్కినా అది కదలదు. నీటిని పారబోసి గాలితోనే నొక్కమనండి. చాలాదూరం లోపలికి పోతుంది; వదలితే తిరిగి వెనుకకు వస్తుంది. ద్రవం అణగదు, గాలి అణగుతుంది. పెద్దపంపులోని ముషలకానికి చమురు బదులు గాలిబుడగ చిక్కితే, అది కదలిన కదలికంతా బుడగను నలపడానికే సరిపోతుంది. నాజిలు తెరచుకునేటంత ఒత్తిడి పుట్టదు. చమురు నిండుగా ఉన్నా సిలిండరుకు చేరదు.

మరి చమురు కారకుండా గాలి ఎట్లా వచ్చింది? కంభం చెరువు కట్టకు ఎక్కడైనా గండిపడితే నీరు బయటికి ఉరుకుతుంది. గండి ఎక్కడో చూచినవారికి తెలుస్తుంది. లారీలో ట్యాంకునుంచి ఫీడ్ పంపువరకు ఉన్న గొట్టం సంగతి దీనికి విరుద్ధం. పల్లెపిల్లలు బొప్పాయి ఆకుకాడతో నీరు పీల్చే ఆట ఆడుతారు. ఆ కాడకు నడుమ ముల్లుతో చిన్న బెజ్జం పొడిచి పీలిస్తే నోటిలోనికి నీటితోపాటు గాలి వస్తుంది. బెజ్జంనుంచి నీరు బయటికి కారదు. పీల్చేచోట ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటె తక్కువ గనుక, బయటిగాలి లోపలికి చొరబడుతుంది. భూమిపై మనలను ఆవరించిన గాలికి బరువున్నదని 1640 ప్రాంతాలలో ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిసెల్లీ నిరూపించిన సత్యమే ఇది. పీల్చే భాగంలోని గండి చమురు కార్చి తన జాడ చెప్పదు. అందుకే దానిని పట్టుకోవడం కష్టం.

దారిలో డ్రైవరు చేసేది తాత్కాలిక చికిత్స. ఫిల్టరు నెత్తిమీది చిన్న స్క్రూను పానాతో వదులుచేసి, ఫీడ్ పంపుకున్న చేతిపంపును కొడతాడు. మొదట నురుగు, తరువాత బుడగలు, చివరకు తేటయైన చమురు వస్తుంది. అప్పుడు స్క్రూ బిగించి, పెద్దపంపు మీది స్క్రూవద్ద ఇదే పని చేస్తాడు. దీనిని బ్లీడింగ్ అంటారు. బండి స్టార్టవుతుంది. కాని వచ్చిన గాలి పోయినదేగాని, వచ్చిన దారి మూసుకుపోలేదు. చెరువులో చేరిన పూడికను తీసి, పూడిక తెచ్చే వాగును మరచినట్లే. ఇరువది మైళ్లకో, మరునాటి ఉదయానికో మళ్లీ అదే కథ.

అనుభవజ్ఞుడైన మేస్త్రీ పానా పట్టుకునేముందు ప్రశ్నలు వేస్తాడు. తెల్లవారి మొదటిసారి స్టార్టు చేయడానికే కష్టమా, ఎగువలోనే ఆగుతుందా? స్టార్టయిన నిమిషానికే చచ్చిపోతుందా? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆగిందా, సగమైన తరువాత ఆగిందా? రాత్రంతా నిలిచిన బండిలో చిన్న సందుద్వారా గాలి చేరితే, గొట్టంలోని చమురు మెల్లగా ట్యాంకులోనికి జారిపోతుంది. అందుచేత ఉదయం మొరాయిస్తుంది. ఎగువలో ఇంజను ఎక్కువ చమురు అడుగుతుంది. పీల్పు పెరిగినకొద్దీ గాలి కూడ పెరుగుతుంది.

తరువాత పరీక్షలు. మొదటిది పారదర్శకమైన గొట్టం. ఫీడ్ పంపుకు ముందు ఒక జానెడు తేటగొట్టం అమర్చి ఇంజను నడిపితే లోపలి సంగతి కంటికి కనబడుతుంది. అక్కడే బుడగలు వస్తే దోషం ట్యాంకువైపు ఉన్నది. అక్కడ బుడగలు లేక, పంపు దాటిన తరువాత కనబడితే దోషం ఫీడ్ పంపులోనో దాని చేతిపంపులోనో ఉన్నది. చేతిపంపు పిడిని సరిగా త్రిప్పి బిగించకపోయినా గాలి లాగుతుంది. బుడగలు అసలే లేక చమురు ధార మాత్రం సన్నగిల్లితే, అది గాలి కాదు, అడ్డు. జాలిలో చెత్త చేరి ఉండవచ్చును. లేదా ట్యాంకు మూతలోని సన్నని రంధ్రం మట్టితో పూడి ఉండవచ్చును. మూత వదులు చేయగానే ఇంజను తేరుకుంటే కారణం అదే. చమురు తగ్గిన మేరకు ట్యాంకులోనికి గాలి రావాలి. రావలసిన చోట గాలి రాకపోయినా బండి ఆగుతుంది, రాకూడని చోట వచ్చినా ఆగుతుంది.

రెండవది డబ్బా పరీక్ష. శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి ఎత్తున పెట్టి, వేరే గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకు కలుపుతారు. బండి చక్కగా నడిస్తే పంపు, నాజిళ్లు నిర్దోషులు. నేరం ట్యాంకుదో దాని గొట్టానిదో. తరువాత పాత గొట్టాన్ని ఒక్కొక్క ముక్కగా తిరిగి కలుపుతూ పోతే, ఏ ముక్క కలిపినప్పుడు బుడగలు వచ్చినవో అదే దొంగ. ఒకేసారి నాలుగు భాగాలు మార్చితే బండి బాగుపడినా దోషమేదో తెలియదు. అతుకులమీద దట్టంగా గ్రీజు పూసి చూచే మేస్త్రీలు కూడ ఉన్నారు. పూసిన వెంటనే ఇంజను కుదుటపడితే ఆ అతుకే కారణం.

దొంగ సాధారణంగా చిన్నవాడే. ఎండకు వేడికి పగిలిన రబ్బరు గొట్టం, వదులైన క్లిప్పు, ఫిల్టరు గిన్నె క్రింద నలిగిన వాషరు. బోల్టుల క్రింద పెట్టే రాగి వాషరు పలుమార్లు బిగించగా గట్టిపడి, సందును మూయలేకపోతుంది. దానిని ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది. ఆ కాల్పు చమురుకు దూరంగా జరగాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

అన్నింటిలో మాయావి ట్యాంకులోపలి గొట్టం. దానికి నడుమ ఎక్కడో చీలిక ఏర్పడిందనుకొనండి. ట్యాంకు నిండుగా ఉన్నంతవరకు ఆ చీలిక చమురులో మునిగి ఉంటుంది. దాని గుండా వచ్చేది కూడ చమురే. మార్కాపురంలో ట్యాంకు నింపుకుని బయలుదేరిన బండి కంభం, గిద్దలూరు దాటేవరకు దివ్యంగా నడుస్తుంది. చమురుమట్టం చీలికకు దిగువకు జారినప్పుడు గాలి మొదలౌతుంది. ఎగువలో ట్యాంకులోని చమురు వెనుకకు ఒరిగి, గొట్టం ముందువైపున ఉంటే చీలిక మరింత త్వరగా బయటపడుతుంది. షెడ్డుకు తెచ్చి, మళ్లీ చమురు పోసి చూస్తే ఏ దోషమూ కనబడదు. ఈ కిటుకు తెలియక పెద్దపంపు విప్పించి, నాజిళ్లు మార్పించి అప్పులపాలైన యజమానికి, చివరకు కావలసింది ఒక మూరెడు గొట్టం. సగం ట్యాంకుతోనే పరీక్ష చేయించాలన్న ఆలోచన ముందే తట్టి ఉంటే ఆ అప్పు ఉండేది కాదు.

ఇది డబ్బుతో తీరే నష్టం. తీరనిది మరొకటున్నది. గాలిబ్రేకులున్న లారీలో ఇంజను ఆగితే బ్రేకులకు గాలినిచ్చే కంప్రెసరు కూడ ఆగుతుంది. నిలువ ఉన్న గాలి బ్రేకు తొక్కిన ప్రతిసారీ తరుగుతుంది. బరువుబండి మలుపులో ఆగి వెనుకకు జారితే, దాని వెనుక ప్రయాణీకుల బస్సు ఉండవచ్చును. క్లీనరు పరుగున పోయి పెట్టే రెండు రాళ్లమీద కొందరి ప్రాణాలు ఆధారపడతాయి. పదిరూపాయల వాషరును "రేపు చూతములే" అని వదలినవానికి ఈ సంగతి గుర్తుండాలి.

మేస్త్రీలు శిష్యులకు మొదట నేర్పే జాగ్రత్తలు కూడ చెప్పదగినవే. రాత్రివేళ అగ్గిపుల్ల వెలిగించి చమురు జాడ చూడరాదు. నాజిలునుంచి దూకే ధారను చేతితో తాకి చూడరాదు. ఆ ఒత్తిడికి చమురు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. 2020నుంచి దేశమంతటా అమలైన క్రొత్త నిబంధనల ప్రకారం తయారైన లారీలలో చమురు ఒత్తిడి ఇంకా ఎన్నోరెట్లు ఎక్కువ. వాటి గొట్టాలను పాత అలవాటున నడుస్తుండగా వదులుచేయడం ప్రాణాంతకం. ఆ బండ్ల రోగాన్ని పరికరం చదివి చెబుతుంది. పాత బండ్ల రోగాన్ని మాత్రం చెవి విని, కన్ను చూచి, బుద్ధి చెప్పాలి.

షెడ్డులో పనినేర్చుకునే కుర్రవాడు బడిలో గాలి ఒత్తిడిగురించి చదివి, పరీక్షలో వ్రాసి, మరచి ఉండవచ్చును. తేటగొట్టంలో బుడగలు బారులు తీరి పోవడం మొదటిసారి చూచిననాడు ఆ పాఠం మళ్లీ వాని ఎదుట నిలుస్తుంది. మేస్త్రీ వేలు పెట్టి చూపిన అతుకును వాడు బిగిస్తాడు. బుడగలు ఒక్కొక్కటే తగ్గి, గొట్టం నిండా తేనెరంగు చమురు నిలుస్తుంది. ఇంజను మూలుగులో తడబాటు పోతుంది. సాయంకాలానికి ఆ లారీ పలకరాళ్లబరువుతో మళ్లీ ఘాటెక్కుతుంది. క్లీనరు ఈసారి దిగవలసిన పని లేదు.