ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేదెవరు?

నారాయణఖేడ్: ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే ఈ ప్రాంతపు తల్లిదండ్రులకు కాలు ఒకచోట నిలవదు. పత్తి, కంది అమ్మి దాచిన సొమ్ము చేతపట్టుకుని సంగారెడ్డి, హైదరాబాదు చుట్టూ తిరుగుతారు. భవనం ఎంత పెద్దది, హాస్టలు ఉందా, ఉద్యోగాలు ఎందరికి వచ్చాయి అని విచారిస్తారు. తరగతిలో పాఠం చెప్పేది ఎవరని అడిగేవారు మాత్రం అరుదు. నాలుగేళ్ల చదువుకు ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉంది.

అఖిల భారత సాంకేతిక విద్యా మండలి నిబంధన ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. 2018కి ముందు 15 మందికి ఒకరు ఉండాలనేవారు. ఒక బ్రాంచిలో ఏటా 60 సీట్లుంటే నాలుగేళ్లకు 240 మంది. వారికి పాత లెక్కన 16 మంది అధ్యాపకులు కావాలి, ఇప్పటి లెక్కన 12 మంది చాలు. ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్ పదవులకు పిహెచ్.డి. తప్పనిసరి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఎం.టెక్. ఉండాలి.

అయితే పట్టా ఉన్నంత మాత్రాన పాఠం చెప్పడం రాదు. బోర్డు నింపి, నోట్సు రాయించి వెళ్లిపోయేవారూ ఉన్నారు. సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో వివరించి, దగ్గరుండి లెక్క చేయించేవారూ ఉన్నారు. తెలుగు, కన్నడం, మరాఠీ, లంబాడీ కలగలిసిన ఈ సరిహద్దు పల్లెల నుంచి వెళ్లిన పిల్లలు మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠాల వద్దే తడబడతారు. అర్థం కాలేదని లేచి అడగడానికి జంకుతారు. అప్పుడు గణితం చేజారితే దానిపై ఆధారపడిన సబ్జెక్టులన్నీ చేజారతాయి. బ్యాక్‌లాగులు పేరుకుంటాయి. పట్టా చేతికి రాదు, అప్పు మాత్రం మిగులుతుంది.

అధ్యాపకుల పనితీరును కొలవడానికి 2019 నిబంధనల్లో సాంకేతిక విద్యా మండలి 100 పాయింట్ల పద్ధతి పెట్టింది. అందులో 25 పాయింట్లు బోధనకు, మరో 25 విద్యార్థుల అభిప్రాయానికి. కనుక కాలేజీలో ఇచ్చే అభిప్రాయ పత్రాన్ని భయపడకుండా, ఉన్నదున్నట్టు నింపాలి.

జిల్లాలోని కందిలో ఐఐటి హైదరాబాదు, సుల్తాన్‌పూర్‌లో 2012లో ఏర్పడిన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. అక్కడ సీట్లు కొందరికే దక్కుతాయి. మిగిలినవారికి ప్రైవేటు కాలేజీలే గతి. ఆ కాలేజీలు చెప్పే ఉత్తీర్ణత శాతం చూసి నమ్మేయరాదు. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలో ప్రశ్నపత్రం తయారు చేయించేది, దిద్దించేది ఆ కాలేజీయే.

చేరే ముందు అక్కడే చదువుతున్న మన ఊరి పిల్లలను పిలిచి అడగాలి. ఏడాది మధ్యలో ఎందరు సార్లు మారారు? వెబ్‌సైటులో పేరున్నవారు తరగతికి వస్తున్నారా? ల్యాబులో పని పిల్లల చేత చేయిస్తున్నారా? కోరుకున్న బ్రాంచికి ఎన్.బి.ఎ. గుర్తింపు ఉందా, ఎప్పటి వరకు? ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి, నడిపించి చూసే రైతుకు ఇలా విచారించడం కొత్తేమీ కాదు.