పటిక, సున్నం, ఒక బకెట్: నల్లగొండ పద్ధతి కథ

రెండుపూటలా తోమినా వదలని గోధుమరంగు మచ్చలు కొందరి పళ్ళమీద కనిపిస్తాయి. చూసినవాళ్ళు అశ్రద్ధ అనుకుంటారు. అది పెద్ద అన్యాయం. ఆ పన్ను చిగురు చీల్చుకుని బయటికి రాకముందే, పసితనంలో దాని ఎనామిల్ తయారవుతున్న రోజుల్లోనే, తాగిన నీళ్ళు ఆ మచ్చ వేశాయి. బ్రష్షుకు అందే మచ్చ కాదది.

అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే పళ్ళ డాక్టరు 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌ చేరి, అక్కడి జనం పళ్ళమీద ఈ మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని తేలడానికి 1931 దాకా పట్టింది. మన దేశంలో ఈ ఫ్లోరైడు జబ్బు గురించిన తొలి నివేదిక 1937లో తెలుగు నేల నుంచే వచ్చింది. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో పళ్ళను, ఎముకలను పరీక్షించి రాసిన నివేదిక అది.

నీళ్ళలోకి ఆ ఫ్లోరైడు నేలకింది రాయినుంచే వస్తుంది. మెదక్ జిల్లా నిజాంపేట కిందా, నల్లగొండ కిందా ఉన్నది దాదాపు ఒకే తరహా గ్రానైటు. ఫ్లోరైడు ఉన్న రాయిని నీళ్ళు ఎంతకాలం అంటిపెట్టుకుంటే అంత ఫ్లోరైడును కరిగించుకుంటాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బోర్లలో దానికి అనేక రెట్లు ఉండేది.

1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు దీనికి విరుగుడు కనిపెట్టారు. నవ్లాఖే, బులుసు తదితరులు 1975లో ప్రచురించిన ఆ పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. కరెంటు అక్కర్లేదు, విదేశీ సరుకు అక్కర్లేదు. బకెట్ నీళ్ళలో కాస్త సున్నం, బ్లీచింగ్ పౌడర్, ఆపైన పటిక వేసి ముందు జోరుగా, తర్వాత పది నిమిషాలు మెల్లగా కలపాలి. పటికలోని అల్యూమినియం తెల్లటి తునకలుగా విడిపోయి, ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. గంటసేపు కదపకుండా ఉంచి పైనున్న తేట తీసుకోవాలి. నీటి పులుపు పెరగకుండా సున్నం కాస్తుంది, క్రిముల సంగతి బ్లీచింగ్ చూసుకుంటుంది. ఈ బకెట్ టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా వెళ్ళింది.

అయినా సొంతగడ్డమీద ఇంటింటా నిలవలేదు. బురదనీళ్ళను తేర్చడానికి చిటికెడు పటిక చాలు. ఫ్లోరైడుకు ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. ఎంత వేయాలన్నది ఆ బోరు నీటిలోని ఫ్లోరైడును, క్షారాన్ని బట్టి మారుతుంది. మోతాదు తప్పితే అల్యూమినియం నీళ్ళలోనే మిగులుతుంది. రోజూ కలపడం, వేచిచూడడం, అడుగు మడ్డిని దూరంగా పారబోయడం, ఇదంతా ఆడవాళ్ళ పనిలోనే చేరింది. రసాయనం సరైనదే, దాన్ని దినదినం మోసే చేతులకు తోడు దొరకలేదు. నా దృష్టిలో ఆ పద్ధతి వెనకబడటానికి అసలు కారణం ఇదే.

2016 ఆగస్టు 7న అప్పటి మెదక్ జిల్లాలోని గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ అనే తాగునీటి పథకం మొదలైంది. విరుగుడు బకెట్లోంచి పైపులోకి మారింది. బోరుకు బదులు నదినీరు ఇవ్వడం దాని పద్ధతి.

ఫ్లోరైడుకు మంచి గుణమూ ఉంది. కొద్దిపాటి మోతాదులో అది ఎనామిల్‌ను గట్టిపరిచి పుచ్చును ఆపుతుంది. పేస్టులో కలిపేది అందుకే. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకుండా ఉమ్మించాలి. చిగుళ్ళను మాత్రం ఏ నీరూ కాపాడలేదు. రోజూ తీయని పాచి గట్టిపడి గారవుతుంది, గార పట్టాక డాక్టరు పరికరంతోనే ఊడుతుంది. చిగుళ్ళలో రక్తం కనిపిస్తే చాలామంది తోమడం మానేస్తారు. నిజానికి అప్పుడే మెత్తటి బ్రష్షుతో చిగురు అంచువెంట శ్రద్ధగా తోమాలి. వేపపుల్లను బాగా నమిలి కుచ్చు మెత్తబడ్డాక వాడితే అదీ మంచిదే. ఇటుకపొడి, బొగ్గు ఎనామిల్‌ను అరగదీస్తాయి. బీడీ, గుట్కా, అదుపుతప్పిన షుగరు, ఇవన్నీ చిగుళ్ళకు శత్రువులు.

ఇంట్లో ఎనిమిదేళ్ళలోపు పిల్లలుండి, నిజాంపేటలోనైనా మరెక్కడైనా సొంత బోరు నీళ్ళు తాగుతుంటే, ఒక సీసా నీళ్ళు పరీక్షకు పంపండి. వడపోత గుడ్డ ఫ్లోరైడును ఆపదు. కాచినా అది పోదు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలినదాంట్లో మరింత చిక్కబడుతుంది.