రెండో దారి ఉంటే చాలదు

మన ఆసుపత్రిలో తీసిన ఈసీజీని అవసరమైతే దూరాన ఉన్న గుండె వైద్య నిపుణునికి కంప్యూటరు ద్వారా పంపుతాము. స్కాను చిత్రాలు, ప్రభుత్వ ఆరోగ్య పథకం అనుమతులు కూడా ఇంటర్నెట్ లైను మీదే వెళ్తాయి. అందుకే ప్రధాన లైనుకు తోడు మరో లైను ఉంచుకున్నాము. "రెండు లైన్లు ఉన్నాయి కదా, మరి అప్పుడప్పుడు ఆగమంటారేమి?" అని రోగుల బంధువులు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే.

గుండెలోనూ ఇదే ఏర్పాటు

దేవుడు మన గుండెలోనే ఇలాంటి ఏర్పాటు చేశాడు. పైగదిలోని సైనస్ నోడ్ విశ్రాంతిలో నిమిషానికి 60 నుండి 100 సార్లు గుండెను కొట్టిస్తుంది. అది ఆగితే కింద ఉన్న ఏవీ నోడ్ 40 నుండి 60 సార్ల వేగంతో పని అందుకుంటుంది. అయితే అందుకోవడం కొన్ని సెకన్లు ఆలస్యమైతే మెదడుకు రక్తం అందక మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. రెండోది ఉండడం ఎంత ముఖ్యమో, త్వరగా అందుకోవడం అంతే ముఖ్యం.

ఆలస్యం ఎక్కడ?

లైన్లను నడిపే పెట్టెను రౌటర్ అంటారు. ఎక్కడో రోడ్డు తవ్వకంలో కేబుల్ తెగినా, మన గదిలోని వైరు బాగానే కనిపిస్తుంది. అందుకే రౌటర్ అవతలి రౌటర్‌ను "ఉన్నావా?" అని పలకరిస్తూ ఉంటుంది. ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో చాలా రౌటర్లు 10 సెకన్లకు ఒకసారి పలకరిస్తాయి. 40 సెకన్లు జవాబు రాకపోతేనే లైను పోయిందని నిర్ణయిస్తాయి. దారి మార్చడానికి పట్టేది కొద్దిసేపే. ఎక్కువ కాలం పోయేది, పోయిందని తెలుసుకోవడానికే.

దీనికి బీఎఫ్‌డీ అనే పద్ధతి ఉంది. దాని ప్రమాణం 2010లో వెలువడింది. సెకనుకు 20 సార్లు పలకరించి, వరుసగా 3 సార్లు జవాబు రాకపోతే సెకనులో ఏడో వంతు కాలంలోనే సంగతి తెలిసిపోతుంది. కానీ రెండు వైపులా రౌటర్లు దీనికి తగినవై ఉండాలి. మరీ తొందరపెడితే లైను కాస్త తడబడినా చచ్చిందనుకుని అటూ ఇటూ మారుతూ ఉంటుంది. మన వంటి ఆసుపత్రికి ఒక సెకను లోపు తెలిస్తే చాలు. ప్రధాన లైను తిరిగి వచ్చినా, కొన్ని నిమిషాలు నిలకడగా ఉన్నాకే దాని మీదికి మారడం మేలు.

మరొక సంగతి: రెండు కేబుళ్లూ ఒకే గుంటలో పోతే ఒక్క జేసీబీ రెండింటినీ తెంచగలదు. దారులు వేరుగా ఉండాలి.

మీరు చేయవలసినది

• పాత రిపోర్టులు, వాడే మందుల చీటీ కాగితం మీద వెంట తెచ్చుకోండి.
• ఛాతీ నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయవద్దు. లైను లేకపోయినా ఈసీజీ తీస్తాము, ఇక్కడి డాక్టరు చూస్తారు, చికిత్స ఆగదు.
• వీడియోలో డాక్టరుతో మాట్లాడుతుండగా తెగిపోతే కంగారుపడక అక్కడే కూర్చోండి. లైను మారాక సిస్టరు మళ్లీ కలుపుతారు.

పదిమంది కన్యకల ఉపమానంలో బుద్ధిగల ఐదుగురు దివిటీలతో పాటు సిద్దెలలో నూనె కూడా తీసుకువెళ్లారు. రెండో లైను మనకు ఆ నూనె వంటిది. దానికి మెలకువ కూడా తోడైతేనే ఆపదలో అక్కరకు వస్తుంది. దేవుడు మీ కుటుంబములకు ఆరోగ్యము దయచేయును గాక.