ఫ్యామిలీ లింక్ లాగిన్ అవ్వట్లేదా? ముందు అది ఎవరి పాస్‌వర్డ్ అడుగుతోందో చూడండి

ఈ రోజు వీడియో మా ఇంట్లో జరిగిన దాంతోనే మొదలుపెడతాను. మా తమ్ముడు ఎనిమిదో తరగతి. వాడి ఫోన్‌కి బాపు గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టాడు. బాపు ఇప్పుడు సౌదీలో ఉంటాడు. మొన్న రాత్రి ఆ రోజు టైమ్ అయిపోయిందని ఫోన్ లాక్ అయింది. తెల్లారితే సైన్స్ పరీక్ష. నోట్సు ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

కోడ్ అడిగిన చోట వాడు తన స్క్రీన్ పిన్ కొట్టాడు. అవ్వలేదు. అమ్మ తన ఫోన్ పిన్ కొట్టింది. అదీ అవ్వలేదు. చాలామంది చేసే తప్పు ఇదే ఫ్రెండ్స్. ఇక్కడ నాలుగు వేర్వేరు తాళాలు ఉన్నాయి. వేటికవే.

ఒకటి, స్క్రీన్ పిన్. అది ఫోన్ తెరవడానికి మాత్రమే.

రెండు, పిల్లల జీమెయిల్ పాస్‌వర్డ్. మర్చిపోతే భయం లేదు, పేరెంట్ తన ఫ్యామిలీ లింక్ యాప్ నుంచే మార్చేయొచ్చు.

మూడు, పేరెంట్ జీమెయిల్ పాస్‌వర్డ్. అసలు తాళం ఇదే. ఇది పోతే మిగతావన్నీ కష్టమే.

నాలుగు, పేరెంట్ యాక్సెస్ కోడ్. ఇది పాస్‌వర్డ్ కాదు, పేరెంట్ యాప్‌లో కనిపించే నంబర్. మారుతూ ఉంటుంది. పిల్లల ఫోన్‌కి నెట్ లేకపోయినా పని చేస్తుంది. పేరెంట్ ఎంత దూరంలో ఉన్నా ఫోన్‌లో చదివి చెప్తే చాలు. కాకపోతే ఇది టైమ్‌ని బట్టి తయారవుతుంది కాబట్టి రెండు ఫోన్లలో తేదీ, టైమ్ కరెక్ట్‌గా ఉండాలి.

సరే, బాపుకి ఫోన్ చేశాం. ఆయన కొత్త ఫోన్ కొన్నాడట, అందులో లాగిన్ అవ్వలేదు. పాస్‌వర్డ్ గుర్తు లేదు. ఓటీపీ ఏమో పాత ఇండియా నంబర్‌కి పోతోంది. రీచార్జ్ చేయక అది ఎప్పుడో ఆగిపోయింది. మన దేశంలో అలా ఆగిపోయిన నంబర్‌ని 90 రోజుల తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు. అంటే మీ ఓటీపీ ఇంకెవరికో వెళ్లొచ్చు!

ఈలోపు అమ్మ నెట్‌లో కస్టమర్ కేర్ అని వెతికి ఒక నంబర్‌కి చేసింది. "ఒక యాప్ వేసుకోండి, మీ స్క్రీన్ నాకు కనిపిస్తుంది, ఓటీపీ చెప్పండి" అంటున్నాడు అవతలివాడు. నేను ఫోన్ లాక్కుని కట్ చేశాను. అమ్మ బ్యాంకు యాప్ కూడా అదే ఫోన్‌లో ఉంది మరి. మీ ఇంట్లో ఎవరైనా ఇలా డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఫోన్ రీసెట్ కొట్టేద్దామన్నాడు తమ్ముడు. అస్సలు వద్దు. నోట్సు ఫొటోలు పోతాయి, పైగా ఆన్ అయ్యాక మళ్లీ పాత అకౌంటే అడుగుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది, బాపు పాత ఫోన్ బీరువాలో ఉందని. ఛార్జింగ్ పెట్టాం. తేదీ తప్పుగా ఉంటే సరిచేసి వైఫై కలిపాం. బాపు అకౌంట్ లాగిన్‌లోనే ఉంది! యాప్ తెరిచి కోడ్ చూసి కొట్టాం, తమ్ముడి ఫోన్ తెరుచుకుంది. అకౌంట్ రికవరీ కూడా ఆ ఫోన్ నుంచే చేశాం. ఎప్పుడూ వాడే ఫోన్, ఎప్పుడూ వాడే చోటు అయితే గూగుల్ తొందరగా నమ్ముతుంది.

మీరు ఈ రోజే మూడు పనులు చేయండి. పేరెంట్ అకౌంట్‌లో రికవరీ నంబర్ ఇప్పుడు పనిచేసేదేనా చూడండి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంటే 10 బ్యాకప్ కోడ్‌లు వస్తాయి, కాగితం మీద రాసి దాచండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఇంట్లో ఉండే అమ్మనో నాన్ననో రెండో పేరెంట్‌గా చేర్చండి.

ఇంకో మాట. పరీక్షలప్పుడు టైమ్ సరిపోవట్లేదని తమ్ముడు బాపుకి ఎప్పుడూ చెప్పలేదట, తిడతాడేమోనని. ఆ రాత్రి చెప్పాడు. "ముందే చెప్తే పెంచేటోణ్ని కదరా" అన్నాడు బాపు. లాక్ తీసే దొంగ యాప్‌లు వెతికే ముందు, ఒక్కసారి అడిగి చూడండి ఫ్రెండ్స్.

వచ్చే వీడియోలో కలుద్దాం, ఉంటాను.