గురి అంతా గుడ్డలోనే!

"సెలవులొస్తున్నాయి. ఏ ఇంట్లో చూసినా గేమింగ్ మౌస్ కొనిపెట్టమని పిల్లలు ప్రాణాలు తోడేస్తున్నారు. ఏది కొనాలో తేల్చి రాయండి, గురువారం సాయంత్రానికి కావాలి" అన్నారు ఎడిటర్ గారు. తేల్చుకుందామని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్తే, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఒకే మాట చుట్టూ తిరుగుతున్నారు: డీపీఐ. డబ్బా మీద ఎనిమిది వేలుంటే ఒక రేటు, పన్నెండు వేలైతే ఇంకో రేటు, ముప్పై రెండు వేలైతే ఇక అడగక్కర్లేదు. "అన్నా, ఇంకా ఎక్కువ డీపీఐది లేదా?" అంటున్నాడు ఒక కాలేజీ కుర్రాడు. దొరికితే ఆ ఎక్కువని ఏం చేసుకుంటాడో లెక్క కట్టి చూడాలనిపించింది.

లెక్కకి కావలసిన అంకె డబ్బా మీద దొరకదు, ఆటలో దొరుకుతుంది. కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట సెట్టింగుల్లో 0.022 అని ఒక విలువ ఉంటుంది. 1996 నాటి క్వేక్ ఆట నుంచి వారసత్వంగా వచ్చిన అంకె ఇది. సెన్సిటివిటీ 1 పెట్టుకుంటే, మౌస్ పంపే ఒక్కో కౌంటుకీ ఆటలో మన చూపు 0.022 డిగ్రీలు పక్కకి తిరుగుతుంది. మౌస్‌ని అంగుళం జరిపితే ఎన్ని కౌంట్లు పంపుతుందో అదే డీపీఐ. అంతకుమించి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఇప్పుడు 800 డీపీఐ పెట్టుకున్నాం అనుకుందాం. అంగుళానికి 17.6 డిగ్రీలు. వెనక నుంచి ఎవడో కాల్చాడు, గిర్రున వెనక్కి తిరగాలి. 180 డిగ్రీలు తిరగడానికి చేతిని పది అంగుళాల పైచిలుకు, అంటే 26 సెంటీమీటర్లు జరపాలి. ఇంట్లో పడి ఉండే మామూలు మౌస్ ప్యాడ్ వెడల్పు 22 సెంటీమీటర్లకి అటూ ఇటుగా ఉంటుంది. మధ్యలో మొదలుపెడితే 11 సెంటీమీటర్లకే అంచు వచ్చేస్తుంది. అప్పటికి మనం తిరిగింది 76 డిగ్రీలు, సగం కూడా కాదు. మౌస్‌ని ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకునేలోపు ఆట ముగుస్తుంది.

సెన్సిటివిటీ మార్చకుండా 32,000 డీపీఐ పెట్టండి. 1.3 సెంటీమీటర్లు, బొటనవేలి గోరంత దూరం జరిపితే చాలు, చుట్టూ 360 డిగ్రీలు తిరిగిపోతాం. తుమ్మొస్తే గోడని కాల్చుకోవడమే. ఆటలో సెన్సిటివిటీ బాగా తగ్గించుకుంటే సరిపోతుంది కదా అంటారు. నిజమే, అప్పుడు అదనంగా డబ్బు పోసి కొన్న అంకెని మనమే వెనక్కి తగ్గించుకున్నట్టు. ప్రొఫెషనల్ ఆటగాళ్లలో ఎక్కువమంది 400కీ 1600కీ మధ్యే ఆడతారు. వాలరెంట్ అనే మరో తుపాకుల ఆటలో ఈ 0.022 బదులు 0.07 ఉంటుంది. కౌంటర్ స్ట్రైక్ నుంచి అటు మారేవాళ్లు తమ సెన్సిటివిటీని 3.18తో భాగించుకునేది అందుకే.

కాబట్టి జేబులో రెండున్నర వేలుంటే నా సలహా: ముందు 45×40 సెంటీమీటర్ల గుడ్డ ప్యాడ్, అంచులు కుట్టినది, తీసుకోండి. వెయ్యి లోపే వస్తుంది. మిగిలినదాంట్లో మౌస్. షాపులో దీన్ని తిరగేసి చెప్తారు, ప్యాడ్‌ని కొసరులా ఇస్తారు. ప్యాడ్ పెద్దదైతే టేబుల్ చాలదు, అదో తంటా. కుడి పక్క నంబర్ ప్యాడ్ లేని చిన్న కీబోర్డు తీసుకుంటే కుడిచేతి వైపు జానెడుకి తక్కువైనా కాస్త చోటు మిగులుతుంది. మురికి పడితే గుడ్డ ప్యాడ్‌ని సబ్బునీళ్లలో మెల్లగా ఉతికి నీడలో ఆరేసుకోవచ్చు. రంగురంగుల లైట్లున్న ప్యాడ్‌కి ఆ సుఖం లేదు.

డబ్బా మీది డీపీఐ నిజమో కాదో ఇంట్లోనే చూడొచ్చు. విండోస్‌లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' టిక్ తీసేసి, పాయింటర్ స్పీడ్ సరిగ్గా మధ్యలో పెట్టండి. పెయింట్ తెరిస్తే కింద మూల బాణం ఉన్న చోటు అంకెల్లో కనిపిస్తుంది. స్కేలు పక్కన పెట్టి మౌస్‌ని రెండంగుళాలు తిన్నగా జరపండి. 800 డీపీఐ మౌస్ అయితే అంకె దాదాపు 1600 మారాలి. మరీ చవకరకం మౌసుల్లో కొన్ని, సెన్సర్ నిజంగా చూసిన కౌంట్లని హెచ్చవేసి పెద్ద అంకె చూపిస్తాయి. మెల్లగా జరుపుతూ ఉంటే బాణం గెంతులేస్తుంది, అదీ గుర్తు.

మౌస్ చరిత్ర రెండు ముక్కల్లో. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ చెక్కడబ్బాకి రెండు చక్రాలు పెట్టిన మౌస్‌ని 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో లోకానికి చూపించాడు. 1997లో డెన్నిస్ ఫాంగ్ అనే కుర్రాడు క్వేక్ పోటీలో గెలిచి, ఆ ఆట రాసిన జాన్ కార్మాక్ ఫెరారీ కారుని సొంతం చేసుకున్నాడు. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్‌తో అడుగున ఉండే బంతికి కాలం చెల్లడం మొదలైంది. మన ఊళ్లలో నెట్ సెంటర్ల కౌంటర్ స్ట్రైక్ తర్వాత అందరూ ఫోన్లకి మళ్లారు. 2020లో ఉచితంగా వచ్చిన వాలరెంట్ మళ్లీ మౌస్ పట్టించింది.

డీపీఐ సంగతెలా ఉన్నా, మౌస్ బరువు మాత్రం నేను పట్టించుకుంటాను. 2020లో లాజిటెక్ జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్ 63 గ్రాముల లోపు వచ్చింది. అదే కంపెనీ జీ502 హీరో 121 గ్రాములు. 26 సెంటీమీటర్ల విసురు గంటలకొద్దీ విసిరే చేతికి ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. బడ్జెట్‌లో వెతికేవాళ్లకి 85 గ్రాముల జీ102 చాలు. దాని 8,000 డీపీఐ కూడా అవసరానికి ఎక్కువే. పోలింగ్ రేటు 1000 హెర్ట్జ్ అయితే మౌస్ మిల్లీసెకనుకోసారి కబురు పంపుతుంది. 60 హెర్ట్జ్ మానిటర్ బొమ్మ మార్చేదే దాదాపు 17 మిల్లీసెకన్లకోసారి. 8000 హెర్ట్జ్ కోసం అదనంగా పెట్టేవాళ్లు ఆ సొమ్ము మానిటర్ వైపు మళ్లిస్తే మేలు.

డబుల్ క్లిక్ జబ్బు
ఎడమ బటన్ కింద వేలి గోరుకన్నా చిన్న స్విచ్, అందులో పల్చటి రేకు ఉంటాయి. అరిగాక ఒకసారి నొక్కితే రేకు రెండుసార్లు తగులుతుంది, ఫోల్డర్ దానంతటదే తెరుచుకుంటుంది. ఆప్టికల్ స్విచ్‌లో రేకు తగలడం ఉండదు, కాంతిని అడ్డుకోవడమే. అందుకే ఈ జబ్బు రాదు. వారంటీ కార్డు మాత్రం పారేయకండి.

చెయ్యి కొలిచి కొనండి
అరచేయి మొత్తం ఆనించి పట్టేవాళ్లకి వీపు ఎత్తుగా ఉన్న పెద్ద మౌస్ నప్పుతుంది. వేళ్ల కొసలతో ఆడించేవాళ్లకి చిన్నది, పల్చటిది. ఆన్‌లైన్‌లో సగం ధరకి వస్తోందని కొనేముందు ఒక్కసారి షాపులో పట్టుకుని చూడండి. ఎడమచేతి వాటం వాళ్లకి ఎంపిక తక్కువ. రెండు వైపులా ఒకేలా ఉన్న ఆకారం దొరికినా, పక్క బటన్లు ఎక్కువగా ఎడమ వైపే ఉండి చిటికెనవేలి కిందకి వస్తాయి.

హెడ్‌సెట్ మీద 7.1, కీబోర్డు మీటలు
డబ్బా మీద 7.1 అని ఎనిమిది స్పీకర్ల బొమ్మ వేసినా చాలావాటిలో చెవికొకటి చొప్పున ఉండేవి రెండే. మిగతాది సాఫ్ట్‌వేర్ మాయ. అడుగుల చప్పుడు ఏ వైపు నుంచో తెలియడానికి మంచి స్టీరియో చాలు. కీబోర్డు కొనేటప్పుడు డబ్ల్యూ, ఏ, షిఫ్ట్, స్పేస్ ఒకేసారి నొక్కి చూపించమనండి. చవకవాటిలో కొన్ని మూడో నాలుగో మీట మింగేస్తాయి.